స్పెయిన్‌లో షెల్టర్ కుక్కకి "లీష్మానియా పాజిటివ్" అన్నారు, ఇంటికి తెచ్చుకోవచ్చా?

విభాగం: యూరప్‌లో తెలుగువాళ్ళు / ఆరోగ్యం, పెంపుడు జంతువులు

లహరి_మాడ్రిడ్ | జూన్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మేం మాడ్రిడ్ కింద హెతాఫేలో ఉంటాం. పాపకి నాలుగేళ్ళు, కుక్కపిల్ల కావాలని ఎప్పట్నుంచో ఒకటే గోల. కొనడం ఎందుకు, షెల్టర్‌లో బోలెడున్నాయి కదా అని వెళ్ళాం. వేటకి వాడి వదిలేసిన పొదెంకో జాతి ఆడకుక్క, చెవులు ఇంతింత పొడుగు, చాలా నెమ్మదైంది, పాప పక్కనే వచ్చి కూర్చుంది. మాకు నచ్చేసింది. తర్వాత అక్కడమ్మాయి ఫైల్ తీసి "దీనికి లీష్మానియా పాజిటివ్, కంట్రోల్లోనే ఉంది, రోజూ అల్లోపురినాల్ మాత్ర వెయ్యాలి, కొన్నాళ్ళకోసారి రక్తం, మూత్రం టెస్ట్ చేయించాలి" అని చాలా మామూలుగా చెప్పింది. ఇక్కడివాళ్ళకి అది మామూలే అనుకుంటా, ఆఫీసులో అడిగితే ఇద్దరు ముగ్గురు మా కుక్కకీ ఉందన్నారు.

ఇంటికొచ్చి చదివితే నాకు నిద్ర పట్టలేదు. లీష్మానియా అంటే కంటికి కనపడని పరాన్నజీవట, అది మనుషులకీ వస్తుందట, చిన్నపిల్లలకి స్ప్లీన్ (ప్లీహం) వాచిపోతుందట, చూడకపోతే ప్రాణానికే ముప్పట. పైగా మా పక్క ఊరు ఫ్యుయెన్లాబ్రాడాలో వందలమందికి వచ్చిందని కూడా కనిపించింది. అత్తయ్యగారికి ఫోన్‌లో చెప్తే "ఆ కుక్క గడప తొక్కితే నేను మీ ఇంటికి రాను" అనేశారు. అసలు కుక్క నుంచి పాపకి వస్తుందా రాదా? ఇక్కడ ఉంటున్నవాళ్ళు, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

సూటిగా_చెప్తా | జూన్ 12, రాత్రి 10:05

చిన్నపిల్ల ఉన్న ఇంట్లోకి జబ్బు కుక్కని తేవడం ఏంటండీ. ఆరోగ్యంగా ఉన్నదాన్ని తెచ్చుకోండి, లేదా అసలు వద్దు. ఇందులో ఆలోచించడానికేముంది.

టురిన్_వెట్_రమణ | జూన్ 12, రాత్రి 11:20

లహరి గారూ, నేను తిరుపతిలో వెటర్నరీ చదివి ఇప్పుడు ఇటలీలో టురిన్ దగ్గర చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నా, ఈ జబ్బు కుక్కల్ని చూడని వారం ఉండదు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా.

ముందు మీ భయం గురించి. కుక్క నాకినా, పక్కన పడుకున్నా, వెంట్రుకలు తగిలినా, పెంట ఎత్తినా పాపకి రాదు. మధ్యలో ఒక ఈగ ఉండాలి. ఇసుక ఈగ అంటాం, శాండ్‌ఫ్లై. అది జబ్బున్న కుక్కని కుట్టి రక్తంతోపాటు పరాన్నజీవిని తీసుకుంటుంది, దాని పొట్టలో వారం పైనే ఎదుగుతుంది, తర్వాత ఇంకొకరిని కుట్టినప్పుడు ఎక్కిస్తుంది. మధ్యధరా ప్రాంతంలో ఉండే రకం పేరు లీష్మానియా ఇన్‌ఫాంటమ్. స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్, పోర్చుగల్ నాలుగూ కలిపితే దాదాపు 25 లక్షల కుక్కల్లో ఇది ఉందని 2002 నాటి అంచనా. వాటిలో చాలావాటికి పైకి ఏమీ కనిపించదు, కుక్క చక్కగా తింటుంది తిరుగుతుంది, రక్తం తీస్తేనే తెలుస్తుంది.

జబ్బు బయటపడ్డ కుక్క ఎలా ఉంటుందంటే, కళ్ళ చుట్టూ వెంట్రుకలు రాలి గుండ్రంగా చర్మం కనిపిస్తుంది, వీపు మీద చేత్తో రుద్దితే తెల్లటి పొట్టు రాలుతుంది, చెవుల అంచులు పగులుతాయి, గోళ్ళు విపరీతంగా పెరిగి వంకర తిరుగుతాయి. బాగా తింటున్నా తొడల కండ కరిగిపోతుంది. కొన్నిటికి ఉన్నట్టుండి ముక్కులోంచి రక్తం కారుతుంది. చివరికి చంపేది మాత్రం ఎక్కువగా కిడ్నీలే. అందుకే షెల్టర్ వాళ్ళని మీరు అడగాల్సింది "పాజిటివా నెగెటివా" అని కాదండీ, మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోంది, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎంత, యాంటీబాడీ స్థాయి పోయినసారితో పోలిస్తే తగ్గిందా పెరిగిందా, ఈ మూడు కాగితాలు అడగండి. ప్రొటీన్ పోవట్లేదు, క్రియాటినిన్ మామూలుగా ఉంది అంటే ఆ కుక్క మందులతో ఏళ్ళ తరబడి బతుకుతుంది.

మందు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్తా. యాంటిమొనీ ఇంజెక్షన్లు కొన్ని వారాలు, లేదంటే మిల్టెఫోసిన్ 28 రోజులు నోట్లో పొయ్యడం, దాంతోపాటు అల్లోపురినాల్ నెలల తరబడి. వీటితో కుక్క కోలుకుంటుంది, ఈగకి ఎక్కే పరాన్నజీవులూ బాగా తగ్గుతాయి, కానీ ఒంట్లోంచి పూర్తిగా పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒత్తిడొచ్చినా ఇంకో జబ్బొచ్చినా తిరగబెట్టొచ్చు. అల్లోపురినాల్ ఎక్కువకాలం వాడితే మూత్రంలో జాంథీన్ రాళ్ళు కూడా వస్తాయి, అందుకే ఆ టెస్టులు. ఖర్చు, ఓపిక రెండూ ఉంటేనే తెచ్చుకోండి. జాలితో తెచ్చి ఆర్నెల్లకి మళ్ళీ షెల్టర్లో వదిలేసినవాళ్ళని చూశాను, ఆ కుక్కల పరిస్థితి చూడలేం.

స్టుట్‌గార్ట్_నరేష్ | జూన్ 13, ఉదయం 6:50

రమణన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను గ్రీస్ నుంచి కుక్కను తెచ్చుకున్న, ఇక్కడ జర్మనీల చానామంది గట్లనే తెచ్చుకుంటరు, గ్రీస్, స్పెయిన్, రొమేనియా నుంచి వ్యాన్లల్ల వస్తయి. పాస్‌పోర్ట్ ఉంటది, చిప్ ఉంటది, రేబిస్ టీకా ఉంటది, అన్ని పక్కా. లీష్మానియా టెస్ట్ "నెగెటివ్" అని కూడ కాగితం ఇచ్చిన్రు ఆ సంస్థోళ్ళు. మేం నమ్మినం. మరుసటేడు ఎండాకాలం కల్లా మా రాకీ బక్కగయిపోయిండు, గోళ్ళు టక్కు టక్కుమని నేలకు తగులుతుంటే బాగా పెరిగినయేమో కత్తిరిద్దామని డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఆమె గోళ్ళు చూసి కత్తెర పక్కకు పెట్టి "ఇదెక్కడి కుక్క" అని అడిగింది. రక్తం తీస్తే యాంటీబాడీలు మస్తు ఎక్కువున్నయి, కిడ్నీలు అప్పటికే కొంచెం దెబ్బతిన్నయి.

తర్వాత తెలిసిందేందంటే ఆ కాగితం మీది టెస్ట్ ఒక్క చుక్క రక్తంతోని చేసే కిట్, అది కూడ ఈగల కాలం మధ్యల చేసిన్రు. కుట్టినంక యాంటీబాడీలు రానీకి నెలలు పడ్తది కదా, అప్పటిదాక నెగెటివే వస్తది. ఆ సంగతి మాకు ఎవ్వలు చెప్పలే. నాకు కోపం వచ్చేది అక్కడనే. కుక్కకు జబ్బు ఉందని చెప్పి ఇస్తే కూడ మేం తెచ్చుకునేటోళ్ళమే, ముందటి నుంచే మందులు ఏసేటోళ్ళం, కిడ్నీలు దక్కేటియి. లహరి అక్కా, మీ షెల్టరోళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పిన్రు, అది చాన పెద్ద విషయం అక్కా.

లహరి_మాడ్రిడ్ | జూన్ 13, ఉదయం 8:15

రమణ గారూ, నరేష్ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. ఆ మూడు కాగితాలూ ఇవాళే అడుగుతా. రాకీ ఇప్పుడెలా ఉన్నాడు? ఇంకొక్కటి, ఫ్యుయెన్లాబ్రాడా మాకు మెట్రోలో కొన్ని స్టేషన్లే. అక్కడ ఏం జరిగిందో ఎవరికైనా సరిగ్గా తెలుసా, ఒక్కొక్కరు ఒక్కొక్కటి రాశారు.

స్టుట్‌గార్ట్_నరేష్ | జూన్ 13, ఉదయం 8:30

మంచిగనే ఉన్నడక్కా, కిడ్నీ తిండి పెడుతున్నం, మందులు నడుస్తున్నయి.

సుధ_మోంపెలియే | జూన్ 13, మధ్యాహ్నం 1:10

లహరీ, నేను దక్షిణ ఫ్రాన్స్‌లో మోంపెలియేలో కీటకాల మీద పనిచేస్తా, శాండ్‌ఫ్లైలు పట్టడమే మా పని కాబట్టి ఫ్యుయెన్లాబ్రాడా గురించి నేను చెప్తా. ఇది మీ ఊళ్ళో అందరూ తెలుసుకోవాల్సిన కథ.

2009 జులై నుంచి అక్కడి ఆసుపత్రికి ఒక్కసారిగా లీష్మానియా కేసులు రావడం మొదలయ్యాయి. అంతకుముందు ఏడాదికి ఏవో కొన్ని వచ్చేవి. 2012 చివరికి లెక్క 446. అందులో 160 మందికి లోపలి అవయవాలకి పాకే రకం, మిగతావాళ్ళకి చర్మం మీద పుండ్లు. యూరప్‌లో ఇంత పెద్ద వ్యాప్తి అంతకుముందు ఎప్పుడూ నమోదు కాలేదు. హెచ్‌ఐవీ లాంటివి ఉన్నవాళ్ళకే వచ్చిందా అంటే కాదు, మామూలు ఆరోగ్యంతో ఉన్న పెద్దవాళ్ళే ఎక్కువ.

సహజంగా అందరి వేలూ కుక్కల మీదకే వెళ్ళింది. ఊళ్ళో కుక్కల్ని పట్టి టెస్ట్ చేశారు. చూస్తే పాజిటివ్ ఉన్నవి నూటికి రెండో మూడో, అంటే ఎప్పుడూ ఉండేదే. మరి ఇంతమందికి ఎక్కణ్ణుంచి? కేసులున్న ఇళ్ళు మ్యాప్ మీద గుర్తుపెడితే ఎక్కువ భాగం ఒక కొత్త పార్కు అంచునే ఉన్నాయి. బోస్కెసుర్ అని, ఫ్యుయెన్లాబ్రాడా, లెగానెస్, హెతాఫే, ఉమానెస్ ఊళ్ళ మధ్య పాడుబడ్డ పొలాలూ చెత్త దిబ్బలూ ఉన్న చోట చెట్లు నాటి చేసిన పెద్ద పచ్చటి పార్కు. చుట్టూ హైవేలు, రైలు లైన్లు. లోపల కుందేళ్ళూ (ర్యాబిట్లు), చెవులపిల్లులూ (హేర్‌లు) విపరీతంగా పెరిగాయి, ఎందుకంటే వాటిని తినే జంతువుల్లేవు, వేట లేదు, రోడ్లు దాటి బయటికి పోయే దారీ లేదు. వాటి బొరియల్లో చల్లగా తేమగా ఉంటుంది, ఆకులూ పెంటా కుళ్ళుతుంటాయి, శాండ్‌ఫ్లై గుడ్లు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. పుట్టిన ఈగకి బొరియ గుమ్మంలోనే రక్తం దొరుకుతుంది. అక్కణ్ణుంచి వంద అడుగులు ఎగిరితే సాయంత్రం నడకకొచ్చిన మనుషులు.

తర్వాత పరిశోధకులు ఆ పార్కులో చెవులపిల్లుల్ని పట్టి, ల్యాబ్‌లో పెంచిన శుభ్రమైన ఈగలతో కుట్టించారు. కొన్నిరోజులాగి ఆ ఈగల పొట్టలు కోసి చూస్తే లోపల లీష్మానియా ఈదుతోంది. పైకి చూస్తే ఆ చెవులపిల్లులు నిక్షేపంగా ఉన్నాయి. దాంతో యూరప్‌లో కూడా కుక్క లేకుండానే ఈ జబ్బు తిరగగలదని గట్టిగా తేలింది. చెవులపిల్లుల్నీ కుందేళ్ళనీ వేల సంఖ్యలో పట్టి తీసేశారు, బొరియలు మూశారు, తుప్పలు కొట్టేశారు, మందు కొట్టారు. కేసులు బాగా తగ్గాయి, అయితే సున్నా కాలేదు.

నేను చెప్పొచ్చేదేమిటంటే మీరు ఆ కుక్కని తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా మీ పాప ఉన్నది ఈగలున్న ఊళ్ళోనే. ఆ కుక్క మెడకి మందు కాలర్ (ఈగల్ని దూరంగా ఉంచే మందు కలిపిన పట్టీ) ఉంటే దానివల్ల మీ ఇంటికి పెరిగే ప్రమాదం చాలా చాలా తక్కువ. అసలు చూసుకోవాల్సింది మే నుంచి అక్టోబర్ దాకా చీకటి పడ్డాక పాప ఎక్కడ ఆడుతోంది, పడకగది కిటికీకి ఏముంది అనేది.

బెజవాడ_బాబాయ్ | జూన్ 13, సాయంత్రం 5:45

అమ్మా సుధా, చాలా బాగా చెప్పావు తల్లీ. నేను మా అబ్బాయి దగ్గరికి ఇటలీ వస్తుంటా అప్పుడప్పుడు. ఒక సందేహం. 2003లో మన దగ్గర కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలు జ్వరమొచ్చి ఒక్కరోజులో పోయారు కదా, చండీపురా వైరస్ అన్నారు, అప్పుడు కూడా ఇసుక దోమే అన్నారు, గోడల పగుళ్ళు పూడ్చమని ఊరూరా చెప్పారు. అది ఇదీ ఒకటేనా?

సుధ_మోంపెలియే | జూన్ 13, సాయంత్రం 6:20

బాబాయ్ గారూ, మోసేది అదే కుటుంబం ఈగ, జబ్బు వేరు. చండీపురా వైరస్, గంటల్లో మెదడుకి ఎక్కుతుంది. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకి వస్తే 183 మంది చనిపోయారు. లీష్మానియా ఏకకణ జీవి, నెలల తరబడి నెమ్మదిగా పనిచేస్తుంది, మందు ఉంది. ఇటలీ వస్తుంటారు కాబట్టి చెప్తున్నా, ఇక్కడ కూడా శాండ్‌ఫ్లై ఒక వైరస్‌ని మోస్తుంది, టొస్కానా వైరస్ అని, వేసవిలో మెనింజైటిస్ తెస్తుంది. కాబట్టి ఈగ నుంచి కాపాడుకుంటే రెండిటికీ పనికొస్తుంది.

ఈగని ఎలా గుర్తుపట్టాలంటే, దోమలో మూడోవంతు కూడా ఉండదు, రెండు మూడు మిల్లీమీటర్లు. లేత గోధుమరంగు, ఒళ్ళంతా నూగు, వాలినప్పుడు రెక్కలు రెండూ పైకెత్తి పెడుతుంది. చప్పుడు చెయ్యదు. సరిగ్గా ఎగరలేదు కూడా, గోడ మీద గెంతుతున్నట్టు కదులుతుంది, గాలి కాస్త వీస్తే ఆగిపోతుంది. అందుకే మంచం దగ్గర ఫ్యాన్ పెట్టుకోవడం కూడా ఎంతోకొంత పనిచేస్తుంది.

పట్నా_డాక్టర్ | జూన్ 14, ఉదయం 7:30

ఈ థ్రెడ్ ఆలస్యంగా చూశాను. నాది శ్రీకాకుళం, చాలాకాలం బిహార్‌లో కాలా అజార్ (లోపలి అవయవాలకి పాకే లీష్మానియా జబ్బు) కార్యక్రమంలో పనిచేశాను, ముజఫర్‌పూర్, వైశాలి, సారణ్ జిల్లాల్లో. కుక్కల గురించి రమణ గారు చెప్పారు, మనుషుల సంగతి నేను కొంచెం చెప్తా.

ఈ పరాన్నజీవికి మన వైపుతో పాత సంబంధమే ఉంది. 1903లో లీష్మన్ అనే ఆర్మీ డాక్టర్ కలకత్తా దగ్గర డమ్‌డమ్ నుంచి వచ్చి చనిపోయిన ఒక సైనికుడి స్ప్లీన్‌లో చూసింది ప్రకటిస్తే, అదే ఏడాది మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డోనొవన్ దీన్నే చూశాడు. ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనొవాని అన్నారు. 1922లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అనే మందు తయారుచేసి లక్షల ప్రాణాలు నిలబెట్టారు. మధ్యధరా రకాన్ని 1908లో ట్యునిస్‌లో చార్లెస్ నికోల్ చూశాడు, పిల్లల్లోనూ కుక్కల్లోనూ ఉండటం అప్పుడే గమనించాడు. ఇన్‌ఫాంటమ్ అన్న పేరు పిల్లల మీదనుంచే వచ్చింది.

మన దేశంలోది మనిషి నుంచి ఈగకి, ఈగ నుంచి మనిషికి, మధ్యలో కుక్క లేదు. అందుకే మనం రోగిని వెతికి పట్టుకుని మందిచ్చి, ఇంటి గోడలకి మందు కొడితే గొలుసు తెగింది. ఆశా వర్కర్లు ఇల్లిల్లూ తిరిగి రెండు వారాలు దాటిన జ్వరం ఎవరికుందని అడిగేవాళ్ళు. వేలికొస నుంచి చుక్క రక్తం తీసి స్ట్రిప్ మీద వేస్తే పది నిమిషాల్లో గీత కనపడేది. 1992లో దేశంలో 77 వేలకి పైగా కేసులు, 2023 నాటికి 600 లోపు. యూరప్‌లో ఇదే పద్ధతి పెట్టలేం, ఎందుకంటే అక్కడ పరాన్నజీవి దాచుకునేది కుక్కల్లో, చెవులపిల్లుల్లో. అన్నిటికీ మందెవరు వేస్తారు. ఆ స్ట్రిప్ కూడా అక్కడి రోగుల్లో ఇంత బాగా పట్టదు.

ఇక నా బాధ ఒకటుంది. మన దగ్గర మారుమూల హెల్త్ సెంటర్లో నర్సుకి కూడా జ్వరం, స్ప్లీన్ వాపు, రక్తం తగ్గడం చూస్తే ఇది గుర్తొస్తుంది. యూరప్‌లో మంచి మంచి ఆసుపత్రుల్లో కూడా ముందు బ్లడ్ క్యాన్సర్ అనుకుంటారు, వారాలు గడిచిపోతాయి. మా బంధువులబ్బాయి దక్షిణ ఇటలీలో చదివి ఉత్తర యూరప్ దేశానికి ఉద్యోగానికి వెళ్ళాడు, జ్వరం తగ్గదు, పొట్టలో ఎడమవైపు బరువుగా ఉందంటాడు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పడిపోయాయి, లింఫోమా అని భయపెట్టి అన్ని పరీక్షలూ చేశారు. ఎముక మజ్జ తీసి మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు ఒక పెద్దావిడ గుర్తుపట్టారు. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే మందు ఇచ్చారు, వారంలోపే జ్వరం దిగింది. మీరు దక్షిణ యూరప్‌లో ఉన్నా, అక్కడ వేసవి గడిపి వచ్చినా, జ్వరం రెండు వారాలు దాటితే డాక్టరుకి మీరే చెప్పండి నేను ఫలానా చోట ఉన్నాను అని. కుట్టాక నెలల తర్వాత కూడా బయటపడుతుంది కాబట్టి పోయిన వేసవి ప్రయాణం కూడా చెప్పాలి.

హరిత_బార్సిలోనా | జూన్ 14, ఉదయం 9:00

డాక్టర్ గారూ, నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, రోగనిరోధక శక్తిని తగ్గించే అడాలిముమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నా. మాకు ఊరి బయట ఇల్లు, రెండు కుక్కలు. మొన్న మా రుమటాలజిస్ట్ "ఇంట్లో కుక్కలున్నాయా, టెస్ట్ చేయించారా" అని అడిగితే ఎందుకా అనుకున్నా. నేను ఎక్కువ భయపడాలా?

పట్నా_డాక్టర్ | జూన్ 14, ఉదయం 10:40

హరిత గారూ, మీ డాక్టర్ సరైన ప్రశ్నే అడిగారు. మధ్యధరా ప్రాంతంలో ఈ పరాన్నజీవి ఒంట్లోకి చేరినవాళ్ళలో అత్యధికులకి ఏమీ కాదు, మన రోగనిరోధక శక్తి దాన్ని అణిచి ఓ మూల కూర్చోబెడుతుంది. వాళ్ళకి ఆ సంగతే తెలియదు. స్పెయిన్‌లోని బలియారిక్ దీవుల్లో రక్తదానం చేసిన ఆరోగ్యవంతుల రక్తంలో కూడా ఇది దొరికింది. అణిచిపెట్టిన ఆ శక్తి తగ్గినప్పుడు అది లేస్తుంది. 1990ల్లో స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్‌లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఇలాగే విరుచుకుపడింది. మాడ్రిడ్‌లో డ్రగ్స్ వాడి పారేసిన సిరంజీలు ఏరి చూస్తే వాటిలో కూడా లీష్మానియా కనపడింది, అంటే అప్పట్లో ఈగ లేకుండా సూదుల ద్వారానే ఒకరి నుంచి ఒకరికి పాకింది. హెచ్‌ఐవీకి మంచి మందులొచ్చాక ఆ కేసులు తగ్గాయి. ఇప్పుడు ఆ స్థానంలోకి అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, మీలా అడాలిముమాబ్ లాంటి టీఎన్‌ఎఫ్ మందులు వాడేవాళ్ళు వస్తున్నారు.

మందు మానెయ్యకండి, అది పొరపాటున కూడా చెయ్యొద్దు. కుక్కలకి ఏటా టెస్ట్, కాలర్ ఎప్పుడూ మెడకి ఉండాలి, వేసవి రాత్రుళ్ళు పెరట్లో కూర్చోవద్దు, కూర్చుంటే నిండు బట్టలు, రిపెల్లెంట్. చర్మం మీద, ముఖ్యంగా ముఖం చేతుల మీద నొప్పిలేని పుండు నెలలైనా మానకపోతే చూపించండి. జ్వరం వస్తే ఆర్థరైటిస్ ఖాతాలో వేసి ఊరుకోకండి.

సూటిగా_చెప్తా | జూన్ 14, మధ్యాహ్నం 12:15

ఇంత చదివాక కూడా నాకు అర్థం కానిది ఒకటే. 25 లక్షల కుక్కల్లో ఉందంటున్నారు, పూర్తిగా నయం కాదంటున్నారు. మనుషుల ప్రాణాలు ముఖ్యమనుకుంటే పాజిటివ్ వచ్చినవాటిని నొప్పి లేకుండా నిద్రపుచ్చితే సరిపోదా? కఠినంగా ఉంటుంది కానీ ప్రభుత్వాలు చెయ్యాల్సింది అదే కదా.

టురిన్_వెట్_రమణ | జూన్ 14, మధ్యాహ్నం 2:00

అది చేసి చూసిన దేశం ఉందండీ. బ్రెజిల్‌లో ఇదే పరాన్నజీవి, దశాబ్దాల పాటు పాజిటివ్ కుక్కల్ని ప్రభుత్వమే తీసుకెళ్ళి చంపింది. జనానికి కేసులు తగ్గలేదు, జబ్బు పల్లెల నుంచి పెద్ద నగరాలకి పాకింది. కారణం కష్టమైందేం కాదు. టెస్ట్ ఫలితం వచ్చేలోపే ఆ కుక్క బోలెడు ఈగలకి ఎక్కించేసి ఉంటుంది, చంపిన ఇంట్లో రెండు నెలల్లో ఇంకో పిల్ల వస్తుంది, దానికసలు నిరోధక శక్తే ఉండదు కాబట్టి తొందరగా అంటుకుంటుంది. యజమానులు కుక్కల్ని దాచేస్తారు, టెస్టుకి తీసుకురారు. అక్కడ కూడా ఇప్పుడు మందు కాలర్ల వైపు మళ్ళారు. ఫ్యుయెన్లాబ్రాడాలో కుక్కలన్నిటినీ చంపి ఉంటే ఏమయ్యేదో సుధ గారు రాసిందాన్నిబట్టి మీరే ఆలోచించండి.

నా క్లినిక్‌లో నేను చూసేది, చికిత్సలో ఉండి మెడకి కాలర్ ఉన్న పాజిటివ్ కుక్క కంటే, ఎప్పుడూ టెస్ట్ చెయ్యని, కాలర్ లేని, పైకి నిగనిగలాడే కుక్కే ఊరికి ఎక్కువ ప్రమాదం.

సుధ_మోంపెలియే | జూన్ 14, సాయంత్రం 4:30

రమణ గారు టురిన్‌లో ఉన్నానని మామూలుగా చెప్పారు గానీ అసలు విషయం అక్కడే ఉంది. ఒకప్పుడు ఇటలీలో ఇది దక్షిణాన, దీవుల్లో, సముద్రం ఒడ్డున ఉండే జబ్బు. టురిన్ ఉన్న పియెమోంతే ప్రాంతంలో స్థానికంగా రాదనేవాళ్ళు. 1990ల నుంచి అక్కడి కుక్కల్లో, ఎక్కడికీ వెళ్ళనివాటిలో, కనపడటం మొదలైంది, ఆల్ప్స్ పాదాల దాకా పోయింది. 2012, 2013ల్లో బొలోన్యా చుట్టుపక్కల మనుషుల్లో కేసులు ఒక్కసారి పెరిగాయి. అక్కడ ఇంకో విచిత్రం, మనుషుల్లో దొరికిన పరాన్నజీవి జన్యువులు చూస్తే అదే ప్రాంతం కుక్కల్లో ఉన్నదానితో కలవలేదు. అంటే అక్కడ కూడా ఇంకేదో జంతువు మోస్తుండొచ్చు.

ఎండలు పెరిగి చలికాలం పొట్టిదవడం ఒక కారణం, ఈగల కాలం పొడుగవుతుంది, ఇంకాస్త ఎత్తుకి, ఇంకాస్త ఉత్తరానికి పోగలవు. మా దగ్గర సెవెన్ (Cévennes) అనే కొండల్లో మోంపెలియే పరిశోధకులు ఎప్పట్నుంచో ఈగలు పడుతున్నారు, నూనె రాసిన కాగితాలు రాతిగోడల సందుల్లో చుట్టి పెట్టి పొద్దున్నే వెళ్ళి తీస్తాం, అంటుకున్న ఈగల్ని సన్న బ్రష్‌తో ఒక్కొక్కటీ ఎత్తి ఆల్కహాల్‌లో వేస్తాం. మందమైన పాత రాతిగోడలు, పశువుల కొట్టాలు, వదిలేసిన ద్రాక్షతోటల మెట్లు, ఇవన్నీ వాటికి ఇళ్ళు. కానీ వేడి ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. పొలాలు వదిలేసి అడవైపోవడం, ఊళ్ళు పొలాల్లోకి పెరగడం, కుక్కల్ని సెలవులకి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి తెచ్చుకోవడం, ఇవన్నీ కలిశాయి.

నన్ను నిజంగా కలవరపెట్టేది లెక్క లేకపోవడం. స్పెయిన్, ఇటలీ, గ్రీస్, పోర్చుగల్‌లో మనుషుల కేసులు తప్పనిసరిగా నమోదు చెయ్యాలి, మా ఫ్రాన్స్‌లో ఆ నియమం లేదు. యూరోపియన్ యూనియన్ మొత్తానికి కలిపి తప్పనిసరి నిఘా లేదు. కుక్కల సంగతైతే మరీ అన్యాయం, దేశానికో పద్ధతి, ప్రాంతానికో పద్ధతి. చర్మం మీద పుండ్లు చాలావరకు వాటంతటవే మానిపోతాయి కాబట్టి ఎవరూ రాయరు. లెక్కలేని జబ్బుకి డబ్బు రాదు, డబ్బు లేకపోతే ఈగలు పట్టేవాళ్ళుండరు, మళ్ళీ ఎక్కడో ఇంకో ఫ్యుయెన్లాబ్రాడా బయటపడినప్పుడు ఆసుపత్రి వార్డులు నిండాకే తెలుస్తుంది.

స్టుట్‌గార్ట్_నరేష్ | జూన్ 14, సాయంత్రం 7:00

సుధక్కా, జర్మనీల ఈ ఈగ ఉందా? మా దగ్గర కొందరు దక్షిణం నుంచి కుక్కల్ని తేవుడే బంద్ చెయ్యాలె అంటున్నరు. రాకీని చూసి పక్కింటాయన తన కుక్కను దగ్గరికి రానిస్తలేడు.

సుధ_మోంపెలియే | జూన్ 14, సాయంత్రం 7:40

నరేష్, నైరుతి జర్మనీలో, రైన్‌లాండ్ పలాటినేట్, బాడెన్ వుర్టెంబెర్గ్ వైపు శాండ్‌ఫ్లైలు దొరికాయి, తక్కువగానే. అందులో ఎక్కువ ఉండే మస్కిట్టీ అనే జాతి ఈ పరాన్నజీవిని మొయ్యగలదని ఇంకా రుజువు కాలేదు. స్పెయిన్‌లో మోసే పెర్నిసియోసస్ కూడా ఒకటీ అరా పడింది. కాబట్టి ఇవాళ్టికి మీ పక్కింటాయన కుక్కకి రాకీతో వచ్చే ముప్పు నామమాత్రం, అయినా స్టుట్‌గార్ట్‌లో కూడా వేసవిలో రాకీకి కాలర్ వెయ్యండి. తేవడం ఆపెయ్యాలి అనడం కంటే, రేబిస్ టీకా అడిగినట్టే ఈ టెస్ట్ కూడా అడగాలి, వచ్చాక ఆర్నెల్లకి మళ్ళీ చెయ్యాలి అని నియమం పెడితే బాగుంటుంది. ఇప్పుడు యూరోపియన్ యూనియన్ లోపల సరిహద్దు దాటే కుక్కకి లీష్మానియా టెస్ట్ ఎవరూ అడగరు.

టురిన్_వెట్_రమణ | జూన్ 14, రాత్రి 9:15

ఒక చిన్న చేర్పు. ఈగ లేకుండా కూడా అరుదుగా కుక్క నుంచి కుక్కకి వెళ్తుంది, తల్లి నుంచి పిల్లలకి, జత కట్టినప్పుడు, రక్తం ఎక్కించినప్పుడు, రక్తం వచ్చేలా కరుచుకుంటే. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఎప్పుడూ దేశం దాటని కుక్కకి వచ్చినట్టు 2019లో బయటపడింది, అదే ఇంట్లో అంతకుముందు స్పెయిన్ నుంచి తెచ్చిన కుక్క ఉండేది. కాబట్టి పాజిటివ్ కుక్కకి పిల్లలు పెట్టించకండి, రక్తదానానికి పంపకండి, కొట్లాడుకునే కుక్కతో ఒకే ఇంట్లో పెట్టకండి.

లహరి_మాడ్రిడ్ | జూన్ 15, ఉదయం 8:05

కాగితాలు పంపారు రమణ గారూ, మూత్రంలో ప్రొటీన్ మామూలుగానే ఉంది, యాంటీబాడీలు పోయినసారి కంటే తగ్గాయట. ఇంకా మా ఆయన, నేను మాట్లాడుకుంటున్నాం. మూడు సందేహాలు. కిటికీలకి మామూలు దోమల మెష్ ఉంది, సరిపోతుందా? మా ఇంట్లో ఆల్రెడీ ఒక పిల్లి ఉంది, దానికి ఏమైనా అవుతుందా? మిల్టెఫోసిన్ వెయ్యాల్సొస్తే ఇంట్లో జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

సుధ_మోంపెలియే | జూన్ 15, ఉదయం 9:30

మామూలు దోమల మెష్ సరిపోదు లహరీ, ఆ కన్నాల్లోంచి ఇది దూరిపోతుంది. మరీ సన్న కన్నాల మెష్ దొరుకుతుంది, లేదా పురుగుమందు కలిపిన నెట్ కడితే కన్నం కాస్త పెద్దదైనా ఆగుతుంది. ముందు పాప గదికి వేయించండి. కుక్కని కూడా సూర్యాస్తమయం నుంచి తెల్లారేదాకా ఇంట్లోనే పడుకోబెట్టండి, బాల్కనీలో వద్దు. బోస్కెసుర్ వైపు నడక పగలు పెట్టుకోండి.

టురిన్_వెట్_రమణ | జూన్ 15, ఉదయం 10:10

పిల్లులకీ ఇది వస్తుంది, కుక్కలంత కాదు. మీరు అంతకంటే జాగ్రత్తగా ఉండాల్సింది కాలర్ విషయంలో. పర్మెత్రిన్ ఉన్న చుక్కల మందు కుక్కకి వేసి, అది ఆరకముందే పిల్లి దాన్ని రాసుకున్నా నాకినా వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోగలదు. డెల్టామెత్రిన్ కాలర్ కూడా పిల్లి మెడకి పొరపాటున కూడా కట్టొద్దు, ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుకుంటారంటే కుక్కకి కూడా అది వద్దు. ఫ్లుమెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిసిన కాలర్ రెండిటికీ పనికొస్తుంది, పిల్లి సైజుది వేరే ఉంటుంది, మీ వెట్‌ని అడిగి తీసుకోండి. ఏ కాలరైనా కట్టిన రోజే పనిచెయ్యదు, వారం పైనే పడుతుంది, ఇప్పటికే జూన్ మధ్యకొచ్చాం కాబట్టి షెల్టర్‌లో దాని మెడకి ఇప్పుడు ఏముంది, ఎప్పుడు కట్టారు అని ఇవాళే ఫోన్ చేసి అడగండి.

మిల్టెఫోసిన్ సంగతికొస్తే, అసలు దీన్ని మనుషుల కాలా అజార్‌కి నోటి మందుగా మొదట అనుమతించింది 2002లో మన దేశమే. గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు ముట్టుకోకూడదు. మిగతావాళ్ళయినా గ్లౌజులు వేసుకుని తిండిలో కలిపి పెట్టాలి, కుక్క వాంతి చేస్తే అదీ గ్లౌజులతోనే తుడవాలి. తిండి లేకుండా వేస్తే వాంతులు ఎక్కువవుతాయి.